నల్లికాటుపై సంజీవనీ వ్యాఖ్య

మూలం:
"తమ్ముడా, గోక్కోబాకు. సబ్బుతో కడిగి ఐసు పెట్టు. అమృతాంజనం రుద్దబాకు. పెదాలు వాస్తే మాత్రం గదిలో ఉండబాకు."

అవతారిక: కువైట్‌లోని జాబ్రియాలో ఒక విల్లా. పైన డాబా గదిలో రాయచోటి నుంచి కొత్తగా దిగిన హౌస్ డ్రైవరు. తెల్లారేసరికి ముంజేతి మీద వరసగా దద్దులు. కింద వంట చేసే అక్క కువైట్‌లో పాత కాపు. ఆమె వాట్సాప్‌లో వాయిస్ రూపంగా ఉపదేశించిన వాక్యాలివి. ఇదే పేటలో తారెక్ రజబ్ మ్యూజియంలో అరబ్బీ చేతిరాత ప్రతులు భద్రంగా ఉన్నాయి. మన మూలానికి ఆ భాగ్యం లేదు, ఫోన్‌లో చోటు చాలకపోతే చెరిగిపోతుంది. మెదక్ సీమలోని కొలిచారం వాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు చేసిన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. మందు పేరు కనుక ఇక్కడే ఎక్కువ నప్పుతుందని ఎత్తుకొచ్చాం.

ప్రతిపదార్థం: తమ్ముడా = ఓ దద్దులు గలవాడా; గోక్కోబాకు = గోళ్లకు పని చెప్పకు; సబ్బుతో = ఏ సబ్బుతోనైనా; ఐసు = ఫ్రిజ్‌లోని గడ్డను, గుడ్డలో చుట్టి ("గుడ్డలో చుట్టి" అన్నది అధ్యాహారం, లేకుంటే చర్మం కమిలిపోతుంది); పెట్టు = పది నిమిషాల సేపు ఉంచు.

టీక: విధి కంటే నిషేధం ముందెందుకు వచ్చింది? పురుగు కుట్టినప్పుడు వదిలే లాలాజలానికి ఒళ్లు హిస్టమిన్‌తో బదులిస్తుంది. దాంతో సన్నటి రక్తనాళాలు వెడల్పై నీరు ఊరి వాపు, నరాలు రేగి దురద. గోకితే క్షణం పాటు స్వర్గం, ఆ వెంటనే ఇంకాస్త దురద. గోటి సందు మురికి లోపలికి పోతే చీము. చల్లదనం ఆ నాళాలను ముడుచుకునేట్టు చేసి నరాలను మొద్దుబారుస్తుంది. అందుకే ఐసు. "రైసు పెట్టు" అన్న పాఠాంతరం కేవలం ఆకలి మీదున్నవాడి శ్రవణదోషం.

శంక: అమృతాంజనం మనది కదా! 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మొదలుపెట్టింది, గల్ఫ్‌కు పోయే ప్రతి పెట్టెలోనూ పచ్చళ్ల పక్కన చోటు సంపాదించింది. దానిమీద నిషేధమేమిటి?

సమాధానం: తలనొప్పికి దానికి దండం పెడదాం. గోకి చిట్లిన చర్మం మీద కర్పూరం, మెంథాల్ భగ్గుమంటాయి. ఇక్కడ అమృతాంజనం ఉపలక్షణం. సున్నం, టూత్‌పేస్టు కూడా నిషిద్ధమే. పూయాలని చెయ్యి పీకితే గులాబీ రంగు కాలమైన్ లోషనో, 1 శాతం హైడ్రోకార్టిసోన్ క్రీమో పూసుకోవచ్చు.

ఇక ధ్వని. అక్క సెట్రిజిన్ మాత్ర ఊసే ఎత్తలేదు. తెలియక కాదు. ఎదుటివాడు తెల్లారి బాబా (ఇంటి యజమాని) పిల్లల్ని బడికి దించాల్సినవాడు, ఆ మాత్ర కొందరిని మత్తులో ముంచుతుంది. వాచ్యంగా చెప్పకుండా దాచినందువల్ల కావ్యగౌరవం పెరిగింది, బడిపిల్లలూ బతికిపోయారు. మత్తు తక్కువ కావాలంటే లొరాటడిన్ ఉంది. దాన్నైనా మొదటిసారి బండి తీయని రోజునే వేసుకుని చూడాలి.

విశేషం: దద్దులు వరసగా ఉన్నాయంటే దోమకన్నా నల్లి మీదే అనుమానం. పరుపు డాబా మీద ఎండేస్తే చాలదా అంటారు. 2016 జూలైలో కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు కొట్టిన మాట నిజమే, 50 డిగ్రీల వేడికి నల్లి తట్టుకోలేని మాటా నిజమే. కానీ పరుపు పైన కాగినంత లోపల కాగదు, నల్లి కుట్ల సందులోకి దూరి కూర్చుంటుంది. దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి డ్రయ్యర్‌లో వేడిగా తిప్పాలి. మంచం పట్టీల సందులు కూడా వెతకాలి.

తాత్పర్యం: ముబారక్ అల్ కబీర్ ఆసుపత్రి ఈ జాబ్రియాలోనే ఉండగా ఇంటి వైద్యమెందుకని పూర్వపక్షం. దూరం కాదు అడ్డు, మామను (ఇంటి యజమానురాలిని) అడగాలి. దద్దు చూపించి పర్మిషన్ అడగడం ఎవరికైనా నామోషీయే. "మాత్రం" అన్న ఒక్క ముక్కతో అక్క ఆ నామోషీని కొట్టిపారేసింది. పెదాలో నాలుకో వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా ఎవరినీ అడగక్కర్లేదు, 112కు ఫోన్ చేయాలి. మామకు వాయిస్ అంబులెన్సులో కూర్చున్నాక పెట్టొచ్చు.