హస్తవాసి

కాకినాడలో ఫిజియోథెరపీ చేస్తుంటాను. మా పనిలో సగం పుస్తకాల్లో దొరుకుతుంది, మిగతా సగం వేళ్లకి తెలియాలి. కండరం బిగుసుకుందో, వాచిందో, నొప్పికి భయపడి ముడుచుకుందో ముట్టుకుంటేనే తేలేది. చదువైన కొత్తలో నా వేళ్ల మీద నాకంత నమ్మకం ఉండేది కాదు. ఒక పెద్దావిడ కాలు పట్టుకున్నప్పుడు ఆ నమ్మకం కుదిరింది.

తుంటి ఎముక విరిగి, ఆపరేషనై, వారాల తరబడి మంచం మీదే ఉన్నారావిడ. కొడుక్కి బట్టల కొట్టుంది. వీల్‌చైర్ తోసుకుంటూ తీసుకొచ్చాడు.

"అమ్మకి పిక్క పట్టేసింది మేడం, రాత్రంతా మూలుగుడే. నూనె వేసి గట్టిగా మర్దనా చేసెయ్యండి."

పట్టేసిన పిక్కలో ఎక్కడో ఒకచోట ముడి తగులుతుంది, నొక్కితే కాస్త వదులవుతుంది. ఇక్కడ ముడి లేదు. పిక్క మొత్తం బిర్రుగా, రెండో కాలికన్నా వెచ్చగా, నీళ్లు నింపిన తిత్తిలా బరువుగా ఉంది. నూనె గిన్నె పక్కనే ఉన్నా చెయ్యి ముందుకి పోలేదు. వందల పిక్కలు పట్టిన చేతికి మామూలు పిక్క ఎలా ఉంటుందో గుర్తుంటుంది. తేడా తగిలితే బుర్రకన్నా ముందు అదే ఆగిపోతుంది.

టేపు తీశాను. మోకాలి కింద ఎముక బొడిపె నుంచి 10 సెంటీమీటర్లు దిగువన రెండు పిక్కలూ కొలిచాను. 4 సెంటీమీటర్ల తేడా! కెనడా వైద్యుడు ఫిలిప్ వెల్స్ బృందం 1997లో ప్రచురించిన పట్టికలో 3 దాటితేనే అనుమానానికి ఒక మార్కు, మంచాన పడి ఉంటే మరొకటి.

"లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చండీ. మర్దనా చేస్తే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ప్రాణం మీదికొస్తుంది. ముందు డాప్లర్ స్కానింగ్ చేయించండి."

"మర్దనాకొస్తే స్కానింగంటారేంటి? కమీషనా?" గొంతు పెంచాడు.

పెద్దావిడే కసిరింది. "ఆ అమ్మాయి చెయ్యి ఆగింది, ఊరికే ఆగదు. పదరా!"

గడ్డ తొడదాకా పాకి ఉందని స్కానింగులో తేలింది. మందులు పడ్డాయి. కొన్నాళ్లకి ఆవిడ లేచి నడిచింది.

కొడుకు కాజాల పొట్లం పట్టుకొచ్చాడు. "మీ హస్తవాసి గొప్పది మేడం! మిషన్లెందుకు, మీ చెయ్యి చాలు."

"నా చెయ్యి అనుమానపడిందంతేనండీ. ఆ అనుమానం నిజమని తేల్చింది టేపు, స్కానింగ్. చెయ్యి అడిగేది ప్రశ్న, జవాబు చెప్పాల్సింది పరీక్ష" అన్నాను. తలూపాడు.

అప్పట్నుంచి బావమరిదికి నడుం నొప్పన్నా, మేనత్తకి మెడ నొప్పన్నా నా దగ్గరికే. "పరీక్షలేం వద్దు, ఓసారి చెయ్యి పెట్టి చూడండి" అనేవాడు. నేను చూసి, అవసరమైన వాళ్లని తగిన డాక్టరు దగ్గరికి పంపేదాన్ని. పంపిన ప్రతిసారీ అదే మాట మళ్లీ చెప్పేదాన్ని. ఆయన మళ్లీ తలూపేవాడు.

మొన్న చలికాలంలో ఒకరోజు పొద్దున వెళ్లేసరికి క్లినిక్ ముందు జనం, అంబులెన్సు. అంబులెన్సులో ఆయన. గుండెపోటు. ప్రాణం అప్పటికే పోయింది. రాత్రీపగలూ తెరిచి ఉండే గుండె ఆసుపత్రి మా వీధి మొదట్లోనే ఉంది.

వాచ్‌మన్ ఏడుస్తూ చెప్పాడు. "ఎడంచెయ్యి లాగేస్తోందని నాలుగింటికే వచ్చారమ్మా. ఆసుపత్రికి పోదాం రండి బాబూ అంటే ఇనలేదు. 'ఈసీజీలెందుకురా, మేడం వచ్చి ఓసారి చెయ్యి పెడితే తెలిసిపోద్ది' అని మీ కోసం ఈ మెట్ల మీదే కూచున్నారమ్మా."