బొటనవేలికి 30 శాతం

ఏకలవ్యుడు తొందరపడ్డాడు. 1923 దాకా ఆగి ఉంటే బొటనవేలికి రేటు పలికేది. ఆ ఏడాది వచ్చిన కార్మిక పరిహార చట్టానికి వెనకాల ఒక పట్టిక ఉంది. బొటనవేలు పోతే సంపాదించే శక్తిలో 30 శాతం పోయినట్టు లెక్క. చూపుడువేలు మొత్తం పోతే 14, మధ్యవేలికి 12, ఉంగరపు వేలికైనా చిటికెన వేలికైనా 7. కుడిచెయ్యా, ఎడమచెయ్యా అన్న వివక్ష లేదు. విలుకాడి కుడి బొటనవేలూ గుమాస్తా ఎడమ బొటనవేలూ చట్టానికి ఒకటే. 2025 నవంబరులో ఆ చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయినా వేళ్ల పట్టిక మాత్రం చెక్కు చెదరలేదు.

ఇప్పుడు ఏకలవ్యుడు దరఖాస్తు పట్టుకుని ఏదో సెక్షన్‌కు వచ్చాడనుకుందాం.

"అపాయింట్‌మెంట్ ఆర్డరేదయ్యా?"

"లేదయ్యా. గురువుగారి బొమ్మ పెట్టుకుని నేర్చుకున్నా."

"అంటే మస్టర్లో పేరు లేదన్నమాట. వేలు కోసిందెవరు?"

"నేనేనయ్యా."

"మరింకేం! స్వయంకృతం. అదీ డ్యూటీలో కాదు, దక్షిణ కింద. వెళ్లిరా."

నవ్వకండి. ఈ ఏకలవ్యుణ్ణి పెద్దాసుపత్రిలో రోజూ చూస్తూనే ఉంటాం. చీర మీద ఏజెన్సీ వాళ్ల కోటు తొడుక్కుని తెల్లారకముందే వార్డు తుడుస్తూ ఉంటుంది. వాడిన సూది తెల్లడబ్బాలో పడాలని రూలు. రాత్రి హడావుడిలో ఎవరో దాన్ని దూదితోపాటు పసుపు సంచిలో పడేశారు. సంచి ఎత్తగానే బొటనవేలికి చురుక్కుమంది. ఆవగింజంత రక్తం. కొంగుతో తుడుచుకుని మూడో నంబరు మంచం కిందికి చీపురు పోనిచ్చింది.

అలా గుచ్చుకున్నప్పుడు అవసరమైతే హెచ్‌ఐవీ రాకుండా మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు మింగాలి. 72 గంటల్లో మన ఫైలు ఒక బల్ల దిగి ఇంకో బల్ల ఎక్కితే గొప్ప. అసలు ఫైలంటూ పుట్టాలంటే ముందు రిజిస్టర్లో రాయించాలి. రాయిస్తే "అజాగ్రత్తగా ఎందుకున్నావు?" అని మెమో వస్తుందేమోనని భయం. రాయించకపోతే రేపు జబ్బొచ్చినా డ్యూటీలో వచ్చిందనడానికి కాగితం ఉండదు. వైద్యం, ల్యాబ్ పనుల్లో అంటుకునే జబ్బులను వృత్తిరోగాలుగా చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. ఒప్పుకోవాల్సింది సెక్షన్ గుమాస్తా.

"మీ ఏజెన్సీని అడగమ్మా" అంటుంది ఆసుపత్రి. "గుచ్చుకున్నది ఆసుపత్రి సూది కదమ్మా" అంటుంది ఏజెన్సీ. కాంట్రాక్టరు మనిషికి దెబ్బ తగిలినా పని చేయించుకున్న యజమాని పరిహారం కట్టి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలని చట్టం తేటతెల్లంగానే చెప్పింది. ఆ పేజీ దాకా వచ్చేసరికి అందరికీ కళ్లజోడు ఇంటి దగ్గరే ఉండిపోతుంది.

పర్మినెంటు నర్సమ్మ సుఖపడిందా అంటే అదీ లేదు. ఆవిడకు ఫండమెంటల్ రూల్ 83 ఉంది. డ్యూటీలో దెబ్బ తగిలితే ప్రత్యేక వైకల్య సెలవు, గరిష్ఠంగా 24 నెలలు. కాకపోతే ఆ వైకల్యం సంఘటన జరిగిన మూడు నెలల్లోపు బయటపడాలి. హెపటైటిస్-బి బయటపడడానికి ఆరు నెలల దాకా పట్టొచ్చు. పాపం, వైరస్ సర్వీస్ రూల్సు చదవలేదు. పై అధికారి మనసు కరిగితే సడలింపూ ఉంది గానీ, ఆ మనసు ఎన్ని నెలల్లో కరగాలో రూల్లో రాయలేదు.

2020లో ఇదే ఆసుపత్రుల మీద హెలికాప్టర్లు పూలు చల్లాయి. కరోనా డ్యూటీలో ఉన్న ఆరోగ్య సిబ్బందికి కేంద్రం 50 లక్షల బీమా ప్రకటించింది. మంచిదే. కాకపోతే అది ప్రాణం పోతేనే. ఊపిరితిత్తులు సగం పోయి బతికి బయటపడ్డవాళ్ల వాటాకు చప్పట్లు మిగిలాయి.

మర్నాడు మన చెల్లెమ్మ బొటనవేలికి గుడ్డకట్టు కట్టుకుని పనికొచ్చింది. హాజరు యంత్రం మీద వేలు పెట్టింది. ఎర్రలైటు. మళ్లీ పెట్టింది. మళ్లీ ఎర్రలైటే. ఆ పూట పనంతా చేసింది గానీ ఆ రోజు కూలి కోత పడింది.

బొటనవేలు పోతే 30 శాతమే పోయినట్టని దశాబ్దాలుగా పట్టిక చెబుతోంది. నూటికి నూరూ పోతుందని గోడకున్న ఆ పెట్టెకొక్కదానికే తెలుసు.