సిత్తంపూండి తెల్లరాయి

‘నేను’ అని చెప్పుకోవాలంటే దీనికి మొహమాటం. అందుకే తన కథను ‘ఈ రాయి’ అంటూనే చెబుతుంది.

ఈ రాయి పుట్టిల్లు తమిళనాడులోని నామక్కల్ జిల్లా సిత్తంపూండి. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు, జాతి అనార్థొసైట్. ఒంట్లో ఎక్కువ భాగం ప్లాజియోక్లేజ్ అనే లేత రంగు ఖనిజమే. భూమ్మీది చాలా అనార్థొసైట్లలో ఆ ఖనిజానికి సోడియం బాగా కలిసి ఉంటుంది. ఇక్కడ మాత్రం కాల్షియందే పైచేయి. చంద్రుడి మీద తెల్లగా మెరిసే ఎత్తు ప్రాంతాల రాళ్లదీ అదే తీరు. 1971లో అపోలో 15 వ్యోమగాములు తెచ్చిన ‘జెనెసిస్ రాక్’ ఆ వంశానిదే.

చుట్టరికం ఉందంటే చాలదు, వెలుగులో రుజువు కావాలి. సేలంలోని పెరియార్ విశ్వవిద్యాలయ భూవిజ్ఞానులు ఈ ఊరి రాళ్లను అలాగే పరీక్షించారు. ఇలాంటి పరీక్షల్లో రాయిని పొడిచేసి, జల్లించి, దీపం వేస్తారు. ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత వెలుగు తిరిగొచ్చిందో స్పెక్ట్రోమీటర్ కొలుస్తుంది. గ్రాఫులో పడే గుంటలే ఆనవాళ్లు. ప్లాజియోక్లేజ్‌లోని కాస్తంత ఇనుము 1.25 మైక్రాన్ల దగ్గర వెలుగును మింగుతుంది. పైరాక్సీన్ అనే ఖనిజానికి 1, 2 మైక్రాన్ల దగ్గర రెండు గుంటలు. ఆలివీన్ అనే ఖనిజానికి 1 దగ్గర వెడల్పాటిది ఉంటుంది, 2 దగ్గర ఏమీ ఉండదు.

పొడి మెత్తబడితే తెలుపు పెరుగుతుంది. దీపం కోణం మారితే కొలతా మారుతుంది. నిండు చంద్రుడు అర్ధచంద్రుడికి రెట్టింపుతో ఆగక దాదాపు పది రెట్లు వెలగడానికి ఒక కారణం ఇదే: ఎండ మన వెనకనుంచి పడినప్పుడు రేణువుల నీడలు వాటి చాటునే దాక్కుంటాయి.

ఈ రాయి దొరికిపోయేదీ వెలుగులోనే. ఇందులో కలిసిన హార్న్‌బ్లెండ్ అనే ఖనిజం భూమి తడిని హైడ్రాక్సిల్ రూపంలో దాచుకుంది, 1.4, 2.3 మైక్రాన్ల దగ్గర అది బయటపడుతుంది. చంద్రుడి మట్టి కథ వేరు. సూక్ష్మ ఉల్కలు, సౌరపవనం యుగాలుగా కొట్టడంతో దాని రేణువుల మీద నానో ఇనుము పేరుకుంది. అందుకే అది నల్లబడి, ఎరుపు తిరిగి, గుంటలు పూడుకుపోయాయి. వాతావరణం చాటున పెరిగిన ఈ రాయి ఆ దెబ్బలు ఎరగదు.

అయినా చంద్రయాన్-2 ల్యాండర్, రోవర్ పరీక్షలకు బెంగళూరులో చంద్రుడి నేల కావలసినప్పుడు ఇస్రో ఈ ఊరి రాయినే టన్నులకొద్దీ పొడి చేయించింది. ఆ మట్టి తయారీ పద్ధతికి 2020లో పేటెంట్ వచ్చింది.

శ్రీహరికోట నుంచి ఎగిరిన చంద్రయాన్-3 2023 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది. ప్రజ్ఞాన్ రోవర్‌లోని ఒక పరికరం ఎక్స్‌రేలతో అక్కడి మట్టిలోని మూలకాలను కొలిస్తే, అది అనార్థొసైట్ తరహాదేనని తేలింది. ఆ పరికరానికి రంగుతో పనిలేదు. నానో ఇనుము ఎంత నల్లబరిచినా, లోపలి కాల్షియం, అల్యూమినియం దానికి దొరికిపోయాయి.