నీతి ఏదండీ ఇందులో?

కోరుకొండ అనగానే పైఊరివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న: "సైనిక్ స్కూలు ఉన్నది మీ ఊళ్ళోనేనాండీ?" కాదండీ. 1962లో పెట్టిన ఆ బడి విజయనగరం దగ్గరి కోరుకొండలో ఉంది. ఈ కోరుకొండ రాజమండ్రి నుంచి గోకవరం వెళ్ళే దారిలోది. ఇక్కడ కొండమీద ఉన్నది లక్ష్మీనరసింహస్వామి.

ఈ వ్యాసకర్తది ఈ కోరుకొండే. ఈయన ఏ బడిలోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు. అయినా గోదావరి జిల్లాల్లో కళ్ళజోడూ, చంకలో పుస్తకమూ ఉంటే చాలు, మనిషి మాస్టారైపోతాడు. అందుకని ఊళ్ళో తల్లిదండ్రులు ఈయన్ని ఆపి, "మావోడికి పదేళ్ళొచ్చేశాయి, మంచి పుస్తకం ఏదైనా చెప్పండి మాస్టారూ" అని అడుగుతుంటారు. ఆయన సంబరపడి నోరు తెరిచేలోపు రెండో మాట వస్తుంది: "సైనిక్ స్కూలు పరీక్షకి పనికొచ్చేది."

అదీ సంగతి. సైనిక్ స్కూలు ఆరో తరగతిలో చేరడానికి వయసు పది నుంచి పన్నెండేళ్ళు. నవోదయ పరీక్ష ఐదో తరగతిలో రాయాలి. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ మధ్యే పిల్లలు పుస్తకాలకు అలవాటు పడతారని తలచి, చాలా దేశాల్లో ప్రచురణకర్తలు ఆ వయసుకు ప్రత్యేకంగా పుస్తకాలు వేస్తారు. మనవాళ్ళు సరిగ్గా ఆ వయసు చూసి గైడు కొంటారు.

గైడు వద్దు, కథల పుస్తకమే కావాలనే తల్లిదండ్రులు లేకపోలేదు. వాళ్ళతో ఇంకా కష్టం. ఫాల్గుణంలో స్వామి కల్యాణానికి కోరుకొండ తీర్థం జరుగుతుంది. జీళ్ళ కొట్లు, ఖర్జూరం కొట్లు, బూరలు, రంగులరాట్నం. వాటి మధ్య నేలమీద పట్టా పరిచి పుస్తకాలు అమ్మేవాడొకడు. పెద్దబాలశిక్ష, వంటల పుస్తకం, శతకాలు, తెనాలి రామకృష్ణుడి కథలు, మర్యాద రామన్న కథలు. అక్కడ ఒక తండ్రి కొడుకుని పక్కన నిలబెట్టుకుని షరతులు చెప్పాడు. పుస్తకంలో నీతి ఉండాలి. జనరల్ నాలెడ్జి ఉండాలి. చదివితే దస్తూరీ బాగుపడాలి. లావుగా ఉండకూడదు. వంద దాటకూడదు. కొడుకు షరతు ఒక్కటే: "దెయ్యం ఉండాలి."

వ్యాసకర్త మనసు కొడుకు వైపే మొగ్గింది. కానీ డబ్బులు తండ్రి జేబులో ఉన్నాయి. పరమానందయ్య శిష్యుల కథలు తీసి చేతిలో పెట్టాడు. ఆయన నాలుగు పేజీలు తిప్పి, "నీతి ఏదండీ ఇందులో?" అన్నాడు.

"గురువుగారి మాట జవదాటని శిష్యులండీ. ఏం చెబితే అక్షరాలా అదే చేస్తారు" అన్నాడు వ్యాసకర్త. అబద్ధం ఒక్క ముక్క లేదు. పుస్తకం అమ్ముడుపోయింది.

ఈ నీతి పిచ్చి ఈ ప్రాంతంలో పాతదే. కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో కూర్చుని ఈసోపు కథల్ని నీతికథామంజరిగా తెలుగు చేశారు. మరి అదే పంతులుగారు గలివర్ యాత్రల ధోరణిలో సత్యరాజా పూర్వదేశయాత్రలు కూడా రాశారు. అందులో ఆడుమళయాళంలో ఆడవాళ్ళ పెత్తనం, మొగవాళ్ళు వాళ్ళ చెప్పుచేతల్లో పడి ఉండడం. ఇక్కడి ఆచారాల్నే తిరగేసి చూపించి వేళాకోళం చేశారు. పిల్లలకోసం పంతులుగారిని తలుచుకునేవాళ్ళు మొదటి పుస్తకం దగ్గరే ఆగిపోతారు.

పదేళ్ళ పిల్లలకు నీతి అక్కర్లేదని కాదు. బడిలో, గుళ్ళో, భోజనాల దగ్గర అది కావలసినంత దొరుకుతోంది. ఇంకో సంగతి, ఈ వయసు పిల్లలు పెద్దవాళ్ళ గుట్టు కనిపెట్టేసి ఉంటారు. "ఫోను ఎత్తి నాన్న ఇంట్లో లేరని చెప్పు" అన్న నాన్నే సత్యహరిశ్చంద్రుడి కథ కొనిపెడితే వాళ్ళు చదవరు, నాన్నని గమనిస్తారు. వాళ్ళకు కావలసింది ఆ గుట్టు తెలిసిన తోటి పిల్లవాడు.

అలాంటివాడు తెలుగులో ఒకడున్నాడు. పేరు బుడుగు. ఈ వయసు చేతుల్లో ముందు పెట్టవలసిన పుస్తకం అదేనని వ్యాసకర్త తీర్పు. ఇందులో స్థానికాభిమానం కొంత లేకపోలేదు. రాసిన ముళ్ళపూడి వెంకటరమణ పుట్టింది ధవళేశ్వరంలో, బొమ్మలేసిన బాపు పుట్టింది నరసాపురంలో. అంటే రెండు గోదావరి జిల్లాలూ కలిసి పెంచిన పిల్లాడన్నమాట. 1950ల్లో ఆంధ్రపత్రిక వారపత్రికలో వచ్చాడు, ఇప్పటికీ అచ్చులో ఉన్నాడు. తమాషా ఏమిటంటే, రమణ మొదటి కథ 1945లో 'బాల' పత్రికలో పడింది. రేడియో అన్నయ్య న్యాపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి నడిపిన పత్రిక అది. కథ పేరు 'అమ్మ మాట వినకపోతే'. అంత బుద్ధిగా మొదలైన కలం పదేళ్ళు తిరిగేసరికి బుడుగును రాసింది. మనిషి బాగుపడడానికి ఆమాత్రం వ్యవధి కావాలి.

వ్యాసకర్త ఈ పుస్తకాన్ని తన మేనకోడలి మీద ప్రయోగించాడు. ఆ పిల్ల ఇంగ్లీషు మీడియం. తెలుగు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుంది, బుడుగు మాటలేమో గబగబా చెవిన పడితేనే నవ్వొచ్చే మాటలు. మొదటి రోజు ముఖం ముడుచుకుంది. రెండో రోజు వాళ్ళ నాయనమ్మ పక్కన చేరి పైకి చదివింది. సీగానపెసూనాంబ దగ్గరికొచ్చేసరికి ముసలావిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది, పిల్ల పుస్తకం లాక్కుంటోంది. వారం తిరక్కుండా చెల్లెలి దగ్గర్నుంచి ఫోను. "అన్నయ్యా, దీనికి ముందే నోరెక్కువ. నువ్వా పుస్తకం ఇచ్చాక జడేయించుకోడానిక్కూడా లా పాయింట్లు తీస్తోంది." పుస్తకం పనిచేసిందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

అదే పిల్ల దగ్గర అమెరికా నుంచి వచ్చిన 'డైరీ ఆఫ్ ఎ వింపీ కిడ్' పుస్తకాలు వరసగా ఉన్నాయి. జెఫ్ కినీ 2007లో మొదలుపెట్టిన వరస అది. గ్రెగ్ అనే కుర్రాడు తన గోడు తనే చెప్పుకుంటాడు, పక్కనే గీతల బొమ్మలు. వాటిని చూసి మూతి ముడిచే పెద్దలున్నారు. వ్యాసకర్త ముడవడు. ఇంట్లోవాళ్ళ మీద చాడీలు, చదువు మీద ఫిర్యాదులు, తను తప్ప లోకమంతా తప్పు. వరస చూస్తే వీడు బుడుగుకి తమ్ముడి వరసే అవుతాడు, యాభై ఏళ్ళు చిన్న. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చదవనివ్వండి.

ఇక నాన్నలు. పుస్తకాల మాట వస్తే ప్రతి నాన్నా ఛాతీ విరిచి, "మేం చందమామ చదివి పెరిగినవాళ్ళమండీ, ఆయ్" అంటాడు. మంచిదే. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన చందమామను 1952 నుంచి 1980 దాకా కొడవటిగంటి కుటుంబరావు దిద్దితీర్చాడు. కానీ ఈ నాన్నలు నెలనెలా పత్రిక రాగానే ముందు విప్పింది నీతికథ పేజీ కాదు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్ పేజీ. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, రాకాసి లోయ. మాంత్రికులు, మొసళ్ళు, పాడుబడ్డ కోటలు, సరిగ్గా పీక మీదికి వచ్చినప్పుడు 'ఇంకా ఉంది'. వాటిలో నీతి వెతకాలంటే భూతద్దం కావాలి. ఆ సీరియళ్ళు ఇప్పుడు పుస్తకాలుగా వచ్చాయి. కొనిపెడితే అబ్బాయి చదువుతాడు, అబ్బాయి నిద్రపోయాక నాన్న చదువుతాడు.

చందమామలోనే ఉన్న బేతాళ కథల్ని మాత్రం తల్లిదండ్రులు తప్పుగా అర్థం చేసుకున్నారు. కథ అయిపోగానే ప్రశ్న అడగడం, జవాబు చెప్పకపోతే తల పగులుతుందని బెదిరించడం శవంలోని బేతాళుడి పని. ఆ హక్కు ఇంకెవరికీ లేదు. మన ఇళ్ళలో పిల్లవాడు పుస్తకం మూసేసరికి అమ్మ ఒక భుజం మీద, నాన్న ఒక భుజం మీద ఎక్కి, "ఇందులో నీకు తెలిసిన నీతి ఏంటి?" అంటారు. విక్రమార్కుడికి మోసే ఓపిక ఉంది, మళ్ళీ చెట్టు దగ్గరికి వెళ్ళాడు. పిల్లవాడు వెళ్ళడు.

ప్రశ్నలు అడగాల్సింది ఎవరో తెలియాలంటే కాశీమజిలీ కథలు చూడాలి. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ఆ కథల్లో మణిసిద్ధుడు కాశీకి పోతూ తోడుకి ఒక పశువుల కాపరి కుర్రాణ్ణి పిలుస్తాడు. కుర్రాడు పెట్టిన షరతు: దారిలో నేను చూసిన వింతకల్లా నువ్వు కథ చెప్పాలి, చెప్పకపోతే వెనక్కి పోతాను. మజిలీ మజిలీకీ కుర్రాడు అడుగుతాడు, పెద్దాయన చెబుతాడు. పన్నెండు సంపుటాలు నడిచింది ఆ బేరం మీదే. పాత భాష పిల్లలకు కొరుకుడుపడదు. వాడుక తెలుగులో కుదించినవి దొరుకుతాయి, అవి ఇవ్వండి.

కొంచెం పెద్దవాళ్ళకు, అంటే ఏడో తరగతికి వచ్చినవాళ్ళకు, బారిస్టర్ పార్వతీశం. మొక్కపాటి నరసింహశాస్త్రి 1924లో మొదటి భాగం వేశారు. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండు బయల్దేరి, మద్రాసులో దొరటోపీ అనుకుని దొరసాని టోపీ కొని నెత్తిన పెట్టుకుంటాడు. ఊరి బయట అడుగుపెట్టి బిక్కమొహం వేసిన ప్రతి పిల్లవాడికీ ధైర్యం చెప్పే పుస్తకం ఇది. హాస్టల్లో చేర్చబోయే ముందు ట్రంకుపెట్టెలో పడేయండి.

వెనకటి తరానికి ఇంకో అదృష్టం ఉండేది. మాస్కోలో తెలుగులో అచ్చయిన పుస్తకాలు విశాలాంధ్ర కొట్లలో చవగ్గా దొరికేవి. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. గోదావరి గట్టున చెమటలు కక్కుతూ మంచు తోడేళ్ళ కథలు చదివిన పిల్లలు ఎందరో. సోవియట్ యూనియన్‌తో పాటు అవీ పోయాయి. వాటిలో కొన్నిటిని సికింద్రాబాద్‌లోని 'మంచి పుస్తకం' సంస్థ మళ్ళీ వేస్తోంది. అలెక్సాండర్ రస్కిన్ రాసిన నాన్న చిన్నప్పటి కథలు వాటిలో మేటి. చెవిపోటుతో ఏడుస్తున్న కూతురికి, తను చిన్నప్పుడు ఎన్ని తెలివితక్కువ పనులు చేశాడో చెప్పుకొచ్చాడాయన. మేనకోడలు అది చదివి, "మావయ్యా, మా నాన్న చిన్నప్పుడు ఏం చేశాడు?" అని అడిగింది. వ్యాసకర్త చెప్పాడు. బావగారు ఈయనతో ఇప్పటికీ ముభావంగానే ఉన్నారు.

'రైలుబడి' గురించి ఒక హెచ్చరిక. తెత్సుకో కురొయానగి 1981లో జపాన్‌లో వెలువరించిన తొత్తోచాన్ కథకు తెలుగు ఇది. బడి నుంచి పంపేసిన అల్లరిపిల్ల కొత్త బడికి వెళితే, హెడ్మాస్టరు కొబయాషి ఎదురుగా కూర్చుని నాలుగు గంటలు ఆ పిల్ల కబుర్లు విన్నాడు. తరగతి గదులు పాత రైలుపెట్టెలు. ఏ పాఠం ముందు చదవాలో పిల్లల ఇష్టం. ఇదంతా నిజంగా జరిగింది. ఈ పుస్తకం చదివిన పిల్లలు మర్నాడు బడికి వెళుతూ అడిగే ప్రశ్నలకు జవాబులు తల్లిదండ్రులే సిద్ధం చేసుకోవాలి, వ్యాసకర్త పూచీ లేదు.

నెల్లూరు కుర్రాడి అల్లరి కావాలంటే మహమ్మద్ ఖదీర్‌బాబు దర్గామిట్ట కతలు, చిత్తూరు పల్లె కావాలంటే నామిని కథలు. గోదావరి పిల్లలకు ఆ యాసలు కొత్త. ముందు నోరెళ్ళబెడతారు, తర్వాత అనుకరిస్తారు. వాటిలో అక్కడక్కడా తిట్లుంటాయి. మేనల్లుడు ఆ పేజీలు కంఠతా పట్టాడు. వాడు తెలుగులో కంఠతా పట్టింది ఎక్కం తర్వాత అదే.

ఇన్ని పుస్తకాలు ఎక్కడ కొంటామండీ, అంటారు. కొనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మీరు ఎప్పటినుంచో కడుతున్నారు. కట్టిన సంగతి చాలామందికి తెలియదు, రశీదు చూసుకోండి. ఆ డబ్బుతోనే ఊళ్ళలో శాఖా గ్రంథాలయాలు నడుస్తున్నాయి. కావలసింది అక్కడ దొరక్కపోతే రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది, కోరుకొండ నుంచి ఇరవై కిలోమీటర్లు. ఈ ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళండి. ఏది ఎంచుకుంటారో వాళ్ళనే ఎంచుకోనివ్వండి. ఈలోగా మీరు బయట టీ తాగి రండి. తిరిగొచ్చాక నీతి అడక్కండి.