చేతిలో ఒకటి, చూపులో మూడు

హైదరాబాద్ ఐటీ రంగంలో, పాత ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి కొత్త ఉద్యోగంలో ఇంకా చేరని రోజుల్లో మాత్రమే కనిపించే మనిషి ఆఫర్ ఆసామి. ఇతని దగ్గర ఒక ఆఫర్ లెటర్ ఉంటుంది, రావలసినవి మరో మూడు ఉంటాయి. ఉన్నదాన్ని వద్దనడు. రావలసినవి వచ్చేదాకా ఉన్నదానికి మనస్ఫూర్తిగా సరేననడు కూడా. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాల్లో ఎక్కువగా తిరుగుతాడు. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోర్సు నేర్చుకునే వయసులో ఇతనికి ఈ లక్షణాలేవీ ఉండవు. అప్పట్లో ఎవరు ఏ ఉద్యోగమిచ్చినా చాలు. మొదటి కొలువులో రెండేళ్లు నిండి, పక్క సీటువాడి జీతం ఎంతో తెలిశాక లక్షణాలు ఒక్కొక్కటే బయటపడతాయి. ఈ రకంలో స్త్రీలూ ఉన్నారు. లక్షణాలు అవే, ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నలు మాత్రం రెట్టింపు.

ఇతన్ని పుట్టించింది 90 రోజుల నోటీస్ పీరియడ్. మనిషి చటుక్కున వెళ్లిపోకుండా ఆపడానికి కంపెనీలు పెట్టుకున్న నిబంధన అది. కానీ తీసుకునే కంపెనీకి మనిషి వెంటనే కావాలి. ఉద్యోగాల సైట్లలో రిక్రూటర్లు మొదట చూసేవాటిలో నోటీస్ పీరియడ్ గడి ఒకటి. అక్కడ 90 రోజులని ఉన్నవాడికి ఫోన్లు అరుదు. రాజీనామా ఇచ్చేసి, ‘సర్వింగ్ నోటీస్’ అని రాసి, లాస్ట్ వర్కింగ్ డే తేదీ పెట్టినవాడికి ఫోన్లు ఆగవు. మంచి ఆఫర్ రావాలంటే ముందు రాజీనామా ఇవ్వాలి, రాజీనామా ఇచ్చే ధైర్యం రావాలంటే ముందు ఏదో ఒక ఆఫర్ ఉండాలి. కాబట్టి మొదటి ఆఫర్‌ని ఇతను పుచ్చుకునేది అందులో చేరడానికి కాదు, దాన్ని చూసుకుని రాజీనామా ఇవ్వడానికి. ఆ మొదటి కంపెనీకీ ఈ సంగతి తెలుసు. అందుకే కొన్ని కంపెనీలు ఒక కుర్చీకి ఇద్దరికి ఆఫర్లిచ్చి, ఎవరో ఒకరు రాకపోతారా అని కూర్చుంటాయి.

ఆఫీసులో ఇతన్ని గుర్తుపట్టడం తేలిక. మీటింగ్ మధ్యలో ఫోన్ మోగితే తెర మీద పేరు చూసి, మొహం గంభీరంగా పెట్టుకుని మెట్ల వైపు నడుస్తాడు. ఐటీ భవనాల్లో ఇన్ని లిఫ్టులుండగా మెట్లు ఇంకా వాడుకలో ఉన్నాయంటే ఇతని చలవే. ఫోన్‌లో నంబర్లు ‘హెచ్‌ఆర్ 1 చేతిలో’, ‘హెచ్‌ఆర్ 2 రావాలి’, ‘హెచ్‌ఆర్ 3 ఎత్తకు’ అన్న పేర్లతో ఉంటాయి. ఆరోగ్యం కూడా ఒక పద్ధతి ప్రకారం చెడుతుంది. మొదటి టెక్నికల్ రౌండ్‌కి జ్వరం, రెండోదానికి మళ్లీ అదే జ్వరం, మేనేజర్ రౌండ్‌కి పంటి నొప్పి, క్లయింట్ రౌండ్ రోజున ఊళ్లో పెద్దమ్మకి ఒంట్లో బాగోదు. మిగతా వేళల్లో తన పనిని జూనియర్లకి అప్పగిస్తుంటాడు. దాన్ని కేటీ అంటారు. కేటీకి వచ్చిన కుర్రాళ్లు ప్రాజెక్ట్ గురించి రెండు ప్రశ్నలూ, ‘అన్నా, ఎంత హైక్ ఇచ్చారు?’ అని పది ప్రశ్నలూ అడుగుతారు.

ఈ 90 రోజుల్లో ఇతని అసలు వృత్తి ఎక్సెల్ షీట్ నింపడం. కంపెనీ మనిషి మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చుని చూపే సీటీసీ అన్న పెద్ద అంకెని ఒలిచి, లోపల గింజ ఎంతుందో చూడాలి. ఒక ఆఫర్‌లో సీటీసీ 24 లక్షలు, అందులో బేసిక్ సగం అనుకుంటే, కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం చొప్పున 1,44,000 పోతుంది. గ్రాట్యుటీ పేర బేసిక్‌లో 4.81 శాతం, అంటే 57,720 రూపాయలు. గ్రాట్యుటీ మామూలుగా ఐదేళ్లు పనిచేసినవాడికి దక్కే సొమ్ము. ఎక్కడా మూడో దసరా చూడని ఇతనికి అది లెటర్‌లో చదువుకోవడానికే. వేరియబుల్ 10 శాతమైతే మరో 2,40,000 కంపెనీ లాభాల మీదా, మేనేజర్ మూడ్ మీదా ఆధారపడుతుంది. జాయినింగ్ బోనస్ ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టమంటారు కనక అది బోనస్ పేరుతో ఇచ్చిన అప్పు. ఇవి తేలాక షీట్‌లో వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకి రమ్మంటారు, రాయదుర్గం మెట్రోకి ఎంత దూరం, ఆన్‌సైట్ ఉందా లేదా అన్న గడులు చేరతాయి. ప్రతి గడికీ మార్కులుంటాయి. అన్నీ కూడాక మనసుకి నచ్చని కంపెనీ ముందు నిలిస్తే, ఇతను కంపెనీని మార్చడు, మార్కులు మారుస్తాడు.

ఆఫర్ ఇచ్చిన కంపెనీ నుంచి హెచ్‌ఆర్ అమ్మాయి వారానికోసారి ఫోన్ చేస్తుంది.

‘సర్, జాయినింగ్ డేట్ కన్ఫర్మే కదా?’

‘హండ్రెడ్ పర్సెంట్ మేడమ్.’

‘వేరే ఆఫర్స్ ఏమైనా ఉన్నాయా సర్?’

‘ఛఛ, ఎక్కడివండీ!’

‘ల్యాప్‌టాప్ పంపించాలి, అడ్రస్ చెప్తారా?’

‘అదీ... రెండు రోజుల్లో చెప్తానండీ.’

రెండు రోజులన్నది ఇతని కాలమానంలో ఉన్న ఒకే ఒక్క కొలత. మామూలు క్యాలెండర్‌లో అది వారం నుంచి నెల దాకా ఎంతైనా సాగుతుంది. హెచ్‌ఆర్ అమ్మాయికి ఇందులో వింత కనబడదు. పైవాళ్లకి పంపే జాబితాలో ఇతని పేరు పక్కన ‘డౌట్’ అని రాసి ఊరుకుంటుంది. ఇతను ఎదురుచూస్తున్న కంపెనీ అమ్మాయిని అడిగితే, ‘ఆఫర్ లెటర్ ప్రాసెస్‌లో ఉంది సర్, రెండు రోజుల్లో వచ్చేస్తుంది’ అంటుంది. అక్కడా అదే కొలత చెల్లుబాటులో ఉంది. ఆమె తన మొదటి అభ్యర్థి సంగతి తేలేదాకా ఇతన్ని ఆపుతోంది. ఇతను తాను ఎదురుచూస్తున్న కంపెనీ సంగతి తేలేదాకా ఇంకో అమ్మాయిని ఆపుతున్నాడు. ఎవరి మీదా ఎవరికీ నమ్మకం లేకపోయినా మర్యాదకి మాత్రం ఎక్కడా లోటు రాదు.

పాత కంపెనీ కూడా ఈలోగా బరిలోకి దిగుతుంది. రెండేళ్లుగా అడుగుతుంటే బడ్జెట్ లేదన్న మేనేజర్‌కి రాజీనామా అందిన నాలుగో రోజున బడ్జెట్ కనిపిస్తుంది. ‘ఏప్రిల్‌లో ప్రమోషన్ ఖాయం, నేను మాట్లాడతా’ అంటాడు. ఏ ఏప్రిల్ అన్నది చెప్పడు. ఎక్సెల్‌లో మరో నిలువు గడి పెరుగుతుంది.

ఇంట్లో సలహాలకి కొదవుండదు. తెనాలిలో ఉన్న తండ్రి, ‘ఏరా, ఆ కంపెనీ పేరు చెబితే నలుగురికీ తెలుస్తుందా?’ అంటాడు. డాలస్‌లో ఉన్న బావ రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, ‘సర్వీస్ కంపెనీలు వద్దు బావా, ప్రొడక్ట్ కంపెనీ వచ్చేదాకా ఆగు’ అంటాడు. ఆ మాట చెప్పే బావ పద్దెనిమిదేళ్లుగా సర్వీస్ కంపెనీలోనే ఉన్నాడు. ఇతను రాని ఆఫర్ జీతం చూసుకుని కోకాపేటలో ఫ్లాట్ల రేట్లు కనుక్కుంటున్నాడని తెలిసి, తల్లి ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అని ఊరుకుంటుంది. పనికొచ్చే ప్రశ్న ఒక్క భార్యే అడుగుతుంది: ‘అక్కడ చేరితే పిల్లాణ్ణి బడి నుంచి ఎవరు తెస్తారు?’ అన్ని గడులున్న ఎక్సెల్‌లో ఆ గడి ఉండదు.

దైవం దగ్గరా వ్యవహారం ఇంతే. చిలుకూరు బాలాజీ గుడిలో కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు చేయడం, కోరిక తీరాక వచ్చి 108 చేయడం ఆచారం. వీసాల కోసం వెళ్లేవాళ్ల వల్ల పేరుపడ్డ గుడి అది. ఆఫర్ ఆసామి 11 ప్రదక్షిణలూ శ్రద్ధగా చేస్తాడు. మొదటి ఆఫర్ రాగానే 108 బాకీ పడతాడు. తాను కోరుకున్నది ఈ ఆఫరా, రాబోయేదా అన్నది తేలలేదు కనక బాకీ వాయిదా వేస్తాడు. స్వామికి కూడా రెండు రోజులే గడువు చెబుతాడు. చేరే రోజు సోమవారమని కంపెనీ అంటే, తండ్రి పంచాంగం తీసి రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా అని తేల్చి, తొమ్మిదింబావుకి లోపల కాలుపెట్టమంటాడు. ఏ కంపెనీ గుమ్మంలో అన్నది మిగిలిన ఒకే ఒక్క సందేహం.

చట్టం ఇతని జోలికి పెద్దగా రాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఇచ్చిన ప్రతిపాదనని అవతలివాడు సమ్మతి పంపేలోపు వెనక్కి తీసుకోవచ్చు. ఇతను నాన్చుతున్నంత కాలం ఆఫర్‌ని లాక్కునే హక్కు కంపెనీకి ఉందన్నమాట. అందుకే ఇతను ముందు ‘యాక్సెప్ట్’ నొక్కేసి, ఆలోచన తరవాత మొదలుపెడతాడు. నొక్కినవాడు చేరకపోతే పట్టుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టే దారి లేదు. మనిషి సొంత నైపుణ్యం మీద నడిచే ఒప్పందాన్ని బలవంతంగా అమలు చేయించడానికి 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఒప్పుకోదు. నష్టపరిహారం అడగొచ్చు గానీ, రానివాడి వెంట లాయర్‌ని పంపడం కంటే జాబితాలో తరవాతి పేరుకి ఫోన్ చేయడం చౌక. రెండు చోట్లా చేరిపోతే పోలా అన్న ఆలోచన కూడా ఏదో ఒక రాత్రి వస్తుంది. కానీ 2014 నుంచి పీఎఫ్‌కి మనిషికో యూఏఎన్ నంబర్ అమల్లో ఉంది. ఒకే నెలలో రెండు కంపెనీలు అందులో డబ్బు వేస్తే సర్వీస్ హిస్టరీలో ఇట్టే కనబడుతుంది. తెల్లారేసరికి ఆ ఆలోచన పోతుంది.

గణితశాస్త్రం మాత్రం ఇలాంటివాడి గురించి చాలా ఆలోచించింది. ఒకదాని తరవాత ఒకటి వచ్చే అవకాశాల్లో అన్నిటికంటే మంచిదాన్ని పట్టుకోవడం ఎలా అన్న చిక్కుని 1960 ఫిబ్రవరిలో మార్టిన్ గార్డ్‌నర్ ‘సైంటిఫిక్ అమెరికన్’లో రాశాక అది ప్రసిద్ధమైంది. దానికి వివాహ సమస్య అని మరో పేరు కూడా ఉంది. జవాబు ఇదీ: అవకాశాలు చాలా ఉంటే మొదటి 37 శాతాన్ని చూసి వదిలేసి, తరవాత వాటన్నిటినీ మించినది రాగానే పట్టుకోవాలి. నాలుగే ఉంటే మొదటిదాన్ని వదిలి, దానికంటే మెరుగైనది రాగానే ఆగాలి. అలా చేస్తే అన్నిటికంటే మంచిది దక్కే అవకాశం 24లో 11 వంతులు. అయితే ఈ లెక్కకి ఒక షరతుంది. వదిలేసినది మళ్లీ దొరకదు. ఆఫర్ ఆసామి దేన్నీ వదలడు. నాలుగింటికీ సరేనంటాడు. అందువల్ల గణితం చెప్పిన మాట ఇతనికి ఒక్క పూటే వర్తిస్తుంది, అది ఆఖరి పూట.

అంతవరకూ ఆగడానికి అసలు కారణం డబ్బొక్కటే కాదు. నాలుగు ఆఫర్లున్నవాడు నాలుగు ఆఫీసుల్లోనూ మనసులో కుర్చీ వేసుకుని ఉంటాడు. ఒకచోట టీమ్ లీడ్, ఒకచోట ఆన్‌సైట్, ఒకచోట ఇంటినుంచి పని, ఒకచోట జీతం. ఒకదానికి నిజంగా సరేనన్న క్షణంలో ఉద్యోగం ఒకటి వస్తుంది, మూడు పోతాయి. తనని నలుగురు పిలిచే రోజులు జీవితంలో ఎక్కువ రావని ఇతనికి తెలుసు. పిలుపు ఎంతకాలం సాగితే అంతకాలం దాన్ని వింటూ ఉండాలనిపిస్తుంది.

లాస్ట్ వర్కింగ్ డే దగ్గరపడ్డాక ఫలితం నాలుగు విధాలుగా ఉంటుంది. ఎదురుచూసిన ఆఫర్ ఆఖరి శుక్రవారం సాయంత్రం వస్తే, మిగతావాళ్లకి ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అంటూ ఒకే మెయిల్ పేర్లు మార్చి పంపుతాడు. తొందరలో ఒకదాంట్లో పేరు మార్చడం మరిచిపోతాడు. ఏదీ రాకపోతే మొదటి కంపెనీలో చేరి, మొదటినుంచీ తన ఓటు దానికేనని చెప్పుకుంటాడు. కొందరు మేనేజర్ చెప్పిన ఏప్రిల్‌ని నమ్మి ఉన్నచోటే ఉండిపోతారు. ఇక నాన్చుడు మరీ ఎక్కువైనవాడికి మొదటి కంపెనీ పోస్ట్ క్లోజ్ అయిందని మెయిల్ పంపుతుంది. రెండోది హోల్డ్‌లో పడుతుంది. అతను రెంటికీ చెడ్డ రేవడిగా మళ్లీ ప్రొఫైల్ తెరిచి, నోటీస్ పీరియడ్ గడిలో ‘ఇమీడియట్’ అని రాస్తాడు.

ఈ రకానికి మంచి కాలం, కరువు కాలం ఉన్నాయి. 2021, 2022 సంవత్సరాల్లో పెద్ద ఐటీ కంపెనీల్లో మానేసేవాళ్ల శాతం 20 దాటినప్పుడు ఇతను ప్రతి అంతస్తులోనూ కనిపించాడు. ఆ తరవాత నియామకాలు మందగించి, ఆఫర్లు ఇచ్చి కూడా చేర్చుకోవడం ఆలస్యమైన రోజుల్లో బాగా తగ్గిపోయాడు. అలాంటి రోజుల్లో అదే మనిషి ఎక్సెల్ తెరవడు, బావకి ఫోన్ చేయడు, రెండు రోజుల గడువు అడగడు. లెటర్ వచ్చిన గంటలోపే సంతకం పెట్టి పంపి, ల్యాప్‌టాప్ ఎప్పుడొస్తుందని హెచ్‌ఆర్ అమ్మాయికి తనే ఫోన్ చేస్తాడు.