పాల డబ్బా ఆత్మకథ

ఉక్కురేకున పలుచని తగరపు పూతతో రూపొంది, మెక్సికో దేశమందలి గ్వాదలహారా నగరములో నొక వంటయింటికి చేరిన కండెన్స్‌డ్ మిల్క్ డబ్బాను నేను. నిలువ యుంచినచో పాలు విరిగిపోవునను చింత యింటింట నున్న కాలమున, గెయిల్ బోర్డెన్ అను అమెరికా దేశీయుడు, గాలి తీసిన పాత్రలో తక్కువ వేడిమితో పాలయందలి నీటిని తొలగించు విధానమునకు 1856లో పేటెంటు పొందెను. ఆ దేశపు అంతర్యుద్ధమున సైనికుల యాకలి దీర్చినవారు నా పూర్వులే. నీటిని సూక్ష్మజీవులకు దక్కనీయని చక్కెరయే నాలోని పాలను చిరకాలము కాపాడును.

ఆ యింటి యువతి 'త్రెస్ లెచెస్' అను పాలకేకును తొలిసారి చేయబూనెను. తెల్లసొనను చక్కెరతో నురుగు నిలుచునంతవరకు గిలకొట్టి, పచ్చసొనను, మైదాను ఆ నురుగు చెదరకుండ కలిపి, 180 డిగ్రీల వేడిమిలో కాల్చెను. వెన్న చేరని ఆ కేకు నిండ గాలిగదులే యగుటచేత, అంతటి పాలను పీల్చియు నది కూలదు. చల్లారిన పిదప ముళ్ళచెంచాతో దాని నంతటను గ్రుచ్చి, నా పాలను, ఎవాపరేటెడ్ పాలను, మీగడను కలిపి మెల్లగా పోయగా, పాలు అంచుల వెంట మడుగుకట్టి నిలిచినవి. ఆమె కలవరపడుట చూచి ముసలి యమ్మమ్మ, "తొందరపడకు తల్లీ, రేపటికి అదే పీల్చుకొనును" అనెను. ఆ మాట నిజమయ్యెను. మరునాడు కోసిన ప్రతి ముక్కయు అడుగుదాక తడిసి, చెంచాకు మెత్తగా లొంగెను.

నాకు మాత్రము ఆ వేడుకలో తావు లేకపోయెను. అడుగు అంచున చిక్కని పాలు ఇంకను పట్టియుండగనే, కోసిన మూత నొక ప్రక్క వ్రేలాడుచుండ, నన్ను గ్రుడ్డుపెంకులతో చెత్తబుట్టలో పడవైచిరి. ఒక గరిటెడు వేడినీటితో కడిగినచో ఆ తీపి వారి పాత్రలో చేరెడిది, చీమల పాలయ్యెను. పొరుగింటి మేడమీద నావంటి డబ్బాలు అడుగున రంధ్రములు పొడిపించుకొని, మన్ను నింపుకొని, పూలమొక్కలను పెంచుచుండుట చూచి నా మనస్సు క్షోభించినది. ఉక్కును ఎన్నిమారులు కరగించినను మరల ఉక్కే యగును. నా కాయువు తీరలేదు, తీరినదని వారు తలచిరి. పాలను చెడనీయక కాచినదానికి, కడిగి వేరుగా నుంచు పాటి మన్నన చాలును. అది నేను చేసిన సేవకు న్యాయముగా రావలసినదే.