నేను గిట్‌కేని

కోడ్‌లో జరిగిన ప్రతి మార్పునూ ఒక చుక్కగా, చుక్కల మధ్య చుట్టరికాన్ని గీతలుగా వేసి చూపించడం నా పని. 2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ కోసం, మార్పుల చరిత్రను దాచే గిట్ అనే ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టాడు. ఆ తర్వాతి నెలలోనే ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ పాల్ మాకెర్రాస్ నన్ను టికిల్ భాషలో రాశాడు. కెర్నెల్‌లో పవర్‌పీసీ భాగం ఆయన చూసేవాడు. ఎవరి పని ఎక్కడ వచ్చి కలిసిందో కంటితో చూసుకోవలసిన అవసరం ఆయనకూ ఉండేది. జూన్‌లో లినస్ నా చరిత్రను గిట్ చరిత్రలో కలిపాడు. రెంటికీ ఉమ్మడి పూర్వీకులు లేరు. గిట్ చరిత్రను నాలో తెరిచి అడుగుకంటా దిగితే నా మొదటి చుక్క ఇప్పటికీ విడిగా కనిపిస్తుంది.

అప్పట్లో నన్ను వేధించింది ఆలస్యం. పిల్ల చుక్క, అంటే తర్వాతి మార్పు, పైన, దాని తల్లి చుక్క, అంటే ముందటి మార్పు, కింద ఉండాలన్నది నా నియమం. ఆ వరస తప్పకుండా అందించాలంటే గిట్ ముందుగా చరిత్ర మొత్తం చదవాలి. కెర్నెల్ లాంటి పెద్ద ప్రాజెక్టు తెరిచినవాళ్లు అంతసేపూ ఖాళీ కిటికీ చూస్తూ కూర్చునేవారు. చూడాలనుకున్నది నిన్నటి మార్పే అయినా సరే! 2007-08 ప్రాంతంలో పాల్ నా లోపలి అమరికనే మార్చేశాడు. అప్పటినుంచి కమిట్‌లు, అంటే ఆ మార్పులు, ఏ వరసలో వచ్చినా అందుకుని వెంటనే గీసేస్తాను. తల్లి వచ్చేశాక పిల్ల ఆలస్యంగా వస్తే సర్దుకుంటాను. ఒక్కొక్క చుక్కనూ జరపను. మధ్యలో చీలికా కలయికా లేని వరుసను ఒకే ముక్కగా పట్టుకుని, జడపాయను ఎత్తి వేసినట్టు, పైకి మారుస్తాను. నాలో జరిగిన మార్పులన్నిటిలోకీ ఇదే గొప్పదని నా నమ్మకం.

గీతలు మరీ పొడవైతే మధ్యలో తెంచి బాణం గుర్తు పెడతాను. దాన్ని నొక్కితే అవతలి కొసకు చేరుస్తాను. లేకపోతే పక్కపక్కన నడిచే గీతలతోనే తెర నిండిపోతుంది. 2014లో కెర్నెల్‌లోకి 66 మంది తల్లులున్న మెర్జ్ (కలయిక) ఒకటి వచ్చింది. అలాంటిది గీయడానికి వెడల్పు ఎంత కావాలో ఊహించండి.

నాకు బాగా ఇష్టమైన మెనూ 2008లో వచ్చింది. తేడాలు చూపే చోట ఏదైనా పాత కోడ్ వరుస మీద కుడి క్లిక్ చేసి, ఇది ఎక్కడిదని అడగండి. ఆ వరుస పుట్టిన కమిట్ దగ్గరికే తీసుకెళ్తాను. అక్కడ రాసినవాళ్ల పేరు, తేదీ, ఎందుకు రాశారో చెప్పే సందేశం ఉంటాయి. ఆ వరుసను తీసేయాలనుకున్నవాళ్లు ముందు అది చదవాలని నా కోరిక.